నిద్ర ఆరోగ్యం - 3వ పాఠం: రోగి రాత్రిని లెక్కగట్టడం

నిద్ర దశలు పోయిన పాఠంలో చూశాం. ఈసారి పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి. వీడియో చూస్తూ తల ఊపితే వచ్చే విద్య కాదిది.

"రాత్రి నిద్ర బాగా పట్టిందా?" అని అడక్కండి. ఒకరు "ఆఁ, ఏదో పట్టిందిలేమ్మా" అంటారు, ఇంకొకరు "కన్ను మూస్తే ఒట్టు" అంటారు. ఇద్దరూ పడుకున్నది అన్నే గంటలు కావచ్చు. కాబట్టి వేళలు అడగండి: "ఎన్నింటికి పడుకున్నారండీ? నిద్ర పట్టేసరికి ఎంతసేపైంది? మధ్యలో లేచారా? తెల్లారి మెలకువ ఎప్పుడొచ్చింది, మంచం ఎప్పుడు దిగారు?"

ఒక పెద్దాయన రాత్రి 10కి పడుకున్నారనుకుందాం. 11.15కి నిద్ర పట్టింది. 2 గంటలకు బాత్రూమ్‌కి లేచారు, మళ్లీ నిద్ర పట్టేసరికి 45 నిమిషాలు. 5.30కి మెలకువ వచ్చింది, 6కి మంచం దిగారు. మంచం మీద గడిపింది 480 నిమిషాలు. అందులో మెలకువగా ఉన్నది 75, 45, 30 కలిపి 150. నిద్రపోయింది 330. దీన్ని 480తో భాగించి 100తో గుణిస్తే దాదాపు 69 శాతం. ఇదే స్లీప్ ఎఫిషియెన్సీ. 85 శాతం, ఆపైన ఉంటే బాగున్నట్టే లెక్క.

అంకె తేలింది కదా అని ఫైలు మూసేయకండి. ఆయన 2 గంటలకు ఎందుకు లేచారు? ఫ్యూరోసెమైడ్ లాంటి, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్ర సాయంత్రం పూట వేసుకుంటున్నారేమో, మందుల చీటీ చూడండి. వేళ మార్చడం మన పని కాదు, డాక్టరు చెవిన వేయాలి. వార్డులో అయితే లేపింది మన బీపీ కఫ్ కూడా కావచ్చు, ఆ మాటా రాయండి.

గురక సంగతి రోగికి తెలీదు, పక్కన పడుకునేవాళ్లని అడగండి. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారంటే స్లీప్ ఆప్నియాని అనుమానించాలి. అది ఇలా వేళలు రాసుకునే నిద్ర డైరీతో తేలదు, పరీక్ష కావాలి.

ఇక అభ్యాసం. వారం రోజులు మీ నిద్రనే రాయండి. పొద్దున లేచాక ఉజ్జాయింపుగా రాస్తే చాలు. రాత్రి గడియారం చూస్తూ కూర్చుంటే ఉన్న నిద్రా పోతుంది. నైట్ డ్యూటీ వాళ్లు పగటి నిద్రను ప్రధాన నిద్రగా, డ్యూటీలో తీసిన కునుకును విడిగా రాయండి. కాఫీ, టీ వేళలూ వేయండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది.

వచ్చే పాఠం పగటి మగత గురించి. ఆ మగతను కొలిచే ఎప్‌వర్త్ స్కేల్‌లోని 8 సందర్భాలకూ ముందు మీరే మార్కులు వేసుకోవాలి.