ఓపెనింగ్‌లోనే పావు పోతోందా? ముందు అవతలి మంత్రి దారి చూడండి

చదరంగంలో ఓపెనింగ్ అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస. "ఏ ఓపెనింగ్ నేర్చుకోమంటారు సార్?" అని అడిగినవాళ్లను ముందు ఓడిపోయిన గేములు తెమ్మంటాను. బోర్డు మీద పేర్చి చూస్తే, ఓపెనింగ్ ఎంచుకోవడంలో తప్పు చాలా అరుదుగా కనిపిస్తుంది. అవతలివాళ్లు ఇప్పుడే వేసిన ఎత్తు ఏంటో చూడకుండా, తాము ముందే అనుకున్న ఎత్తు వేసేసి ఉంటారు. ఓపెనింగ్ మార్చినా అదే అలవాటు వెంట వస్తుంది. అందుకే లక్షణాన్ని బట్టి కారణం వెతుకుదాం. పావులు ఎలా కదులుతాయో, క్యాస్లింగ్ ఎలా చేయాలో, గడుల పేర్లేంటో మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

సమస్య: నాలుగో ఎత్తుకే చెక్‌మేట్

కారణం ఎఫ్7 గడి. ఆట మొదట్లో దానికి రాజు తప్ప వేరే కాపలా ఉండదు. తెల్లవాళ్లు బిషప్‌ను సీ4లో, మంత్రిని హెచ్5లో పెడితే రెండూ ఆ గడి మీదే గురిపెట్టినట్టు. మంత్రిని తరిమేద్దామన్న తొందరలో నల్లవాళ్లు గుర్రాన్ని ఎఫ్6కి తెస్తారు, మంత్రి ఎఫ్7లో దిగుతుంది.

పరిష్కారం: ముందు జీ బంటును జీ6కి జరపండి. మంత్రి ఎఫ్3కి తగ్గి మళ్లీ ఎఫ్7 మీద కన్నేస్తే, అప్పుడు గుర్రం ఎఫ్6. ఒక్క జాగ్రత్త: మీ ఈ5 బంటుకు సీ6 గుర్రం కాపలా ఉన్నప్పుడే జీ6 పనిచేస్తుంది. లేకపోతే మంత్రి ఈ5 బంటును చెక్‌తో కొట్టి, తర్వాత హెచ్8లోని ఏనుగును కూడా పట్టుకుపోతుంది.

సమస్య: ఎవరూ దాడి చేయని పావు ఉన్నట్టుండి పోయింది

దీని మీదే ఎక్కువ రాస్తాను. గేమ్ అయ్యాక కూడా చాలామంది దీన్ని గుర్తుపట్టరు. "చూసుకోలేదు సార్" అని వదిలేస్తారు, వారం తిరక్కుండా మళ్లీ అలాగే పోగొట్టుకుంటారు.

నాకు ఇది తగిలింది ఒక జిల్లా టోర్నమెంట్‌లో. నల్లపావులతో సిసిలియన్ అనే ఓపెనింగ్ ఆడుతున్నాను (ముందు తెల్ల ఎత్తు, దానికి నల్ల జవాబు చెబుతాను). ఈ4కి సీ5, గుర్రం ఎఫ్3కి డీ6. అవతలి పిల్లాడు సీ బంటును ఒక్క గడి జరిపి సీ3లో పెట్టాడు. నేను గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి ఈ4 బంటు మీద గురిపెట్టాను. అతను దాన్ని కాపాడకుండా బిషప్‌ను ఈ2లో పెట్టాడు. బంటు సంగతి మర్చిపోయాడనుకుని గుర్రంతో కొట్టేశాను. మంత్రి ఏ4, చెక్. అడ్డం బిషప్‌ను పెట్టాలా, గుర్రాన్ని పెట్టాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కాసేపటికి గానీ నా కళ్లు నాలుగో అడ్డ వరుస మీదకు వెళ్లలేదు. ఏ4 పక్కన బీ4, సీ4, డీ4 మూడూ ఖాళీ. ఆ తర్వాతి గడిలో నా గుర్రం, ఏ సపోర్టూ లేకుండా.

ఇందులో మూడు విషయాలు కలిశాయి. సీ3 వేయడంతో తెల్ల మంత్రికి డీ1 నుంచి ఏ4 దాకా దారి తెరుచుకుంది. నేను డీ6 వేయడంతో ఏ4 నుంచి నా రాజు దాకా ఏటవాలు దారి తెరుచుకుంది. మూడోది, సపోర్ట్ లేని నా గుర్రం మంత్రి చెక్ ఇచ్చే వరుసలోనే నిలబడింది. విడివిడిగా చూస్తే సీ3లోగానీ డీ6లోగానీ ఏ తప్పూ లేదు. అందుకే ఇది కనిపించదు. సీ బంటు ఒక్క గడి జరిగితే "డీ4కి సిద్ధమవుతున్నాడులే" అనుకుంటాం, వెనకాల మంత్రికి తలుపు తీశాడని అనుకోం.

తెల్లపావులతో ఆడేవాళ్లకూ ఇదే ప్రమాదం. 1984లో యుగోస్లావియాలోని బెలా త్సర్క్వాలో ఒక టోర్నమెంట్ గేమ్ మూడే ఎత్తుల్లో ముగిసింది. డీ4, గుర్రం ఎఫ్6. బిషప్ జీ5, సీ6. ఈ3, మంత్రి ఏ5 చెక్. జీ5లోని బిషప్‌ను కాపాడే మార్గం లేదు. ఇక్కడ ఈ3 ఏం చేసిందో బోర్డు మీద పెట్టి చూడండి. ఆ బంటు ఈ2లోనే ఉండి ఉంటే, మంత్రిని డీ2లో అడ్డం పెడితే చెక్ ఆగేది, బిషప్‌కూ సపోర్ట్ వచ్చేది. ఈ3 బంటు సరిగ్గా ఆ దారిలోనే కూర్చుంది. మూడో ఎత్తుకు గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చి ఉంటే అదే జీ5ను కాసేది.

లండన్ సిస్టమ్ (డీ4 వేసి, బిషప్‌ను ఎఫ్4లో, బంటును ఈ3లో పెట్టే ఓపెనింగ్) బట్టీపట్టిన పిల్లలు ఇందులో ఎక్కువగా పడతారు. అవతల ఏం వేసినా డీ4, బిషప్, ఈ3 అని వరసగా వేసుకుంటూ పోతారు. బిషప్ ఎఫ్4లో ఉన్నప్పుడు ఈ3 వేస్తే ఆ బంటే బిషప్‌ను కాస్తుంది. జీ5లో ఉన్నప్పుడు అదే బంటు దారికి అడ్డుపడుతుంది.

ఎంగ్లండ్ గాంబిట్ కిటుకు కూడా ఇదే (గాంబిట్ అంటే మొదట్లోనే బంటును బలిచ్చే ఓపెనింగ్). డీ4కి ఈ5, బంటును కొడితే గుర్రం సీ6, గుర్రం ఎఫ్3కి మంత్రి ఈ7, బిషప్ ఎఫ్4కి మంత్రి బీ4 చెక్. రాజు, ఎఫ్4 బిషప్, బీ2 బంటు మూడింటి మీదా ఒకేసారి దెబ్బ. బిషప్‌ను డీ2కి తెచ్చి, మంత్రి బీ2 బంటును కొట్టాక గుర్రం సీ3 వేయండి, ఆట మీదే. మంత్రిని పట్టుకుందామని బిషప్‌ను సీ3లో పెడితే మాత్రం బిషప్ బీ4 వచ్చి ఆట పోతుంది.

పరిష్కారం: డీ బంటు కదిలాక, క్యాస్లింగ్ అయ్యేదాకా, ప్రతి ఎత్తుకూ ముందు ఒక్క చూపు. అవతలి మంత్రి మీ రాజుకు ఏ గడి నుంచి చెక్ ఇవ్వగలదు? తెల్లపావులైతే ఏ5, బీ4 గడులు, నల్లపావులైతే ఏ4, బీ5. ఆ గడి మీద వేలు పెట్టినట్టు ఊహించుకుని, అక్కడి నుంచి అడ్డంగా చూడండి. ఆ వరుసలో సపోర్ట్ లేని మీ పావు ఉంటే, ముందు దానికి సపోర్ట్ ఇవ్వండి, లేదా చెక్ దారి మూసేయండి. నా గేములో నాలుగో ఎత్తుకు గుర్రాన్ని సీ6కి తెచ్చి ఉంటే ఆ దారి మూసుకునేది, ఆ తర్వాత ఈ4 బంటును నిజంగానే కొట్టగలిగేవాణ్ని.

ఎఫ్ బంటు కదిలితే ఇదే దారి హెచ్ వైపు తెరుచుకుంటుంది. ఈ4కి ఈ5, గుర్రం ఎఫ్3కి ఎఫ్6 వేసి బంటును కాపాడుకున్నామనుకుంటారు. గుర్రం ఈ5ను కొడుతుంది, మీరు గుర్రాన్ని కొడితే మంత్రి హెచ్5 చెక్. జీ6 అడ్డం పెడితే ఈ5 మీద మళ్లీ చెక్, ఏనుగు పోతుంది. మొదట్లో ఎఫ్ బంటు జోలికి వెళ్లకండి.

సమస్య: గుర్రం జీ5కి వచ్చింది, మీ రాజు బోర్డు మధ్యలోకి వచ్చేశాడు

రెండు గుర్రాల డిఫెన్స్‌లో (ఈ4కి ఈ5, గుర్రం ఎఫ్3కి గుర్రం సీ6, బిషప్ సీ4కి గుర్రం ఎఫ్6) తెల్ల గుర్రం జీ5కి వస్తే డీ5 వేయడం సరైనదే. తెల్లవాళ్లు ఆ బంటును కొట్టాక మీరు వెంటనే గుర్రంతో తిరిగి కొట్టడమే తప్పు, ఎఫ్7లో గుర్రాన్ని బలిచ్చి మంత్రి ఎఫ్3తో రాజును బయటికి లాగుతారు. గుర్రం ఏ5 వేసి సీ4 బిషప్ మీద దాడి చేయండి. ఒక బంటు తక్కువైనా మీ పావులు చురుగ్గా ఉంటాయి.

సమస్య: పది ఎత్తులయ్యాయి, ఏం ఆడాలో తోచడం లేదు

వెనక వరుస చూసుకోండి. గుర్రాలూ బిషప్‌లూ ఇంకా అక్కడే ఉంటే కారణం అదే. మంత్రినో ఒకే గుర్రాన్నో అటూఇటూ తిప్పుతూ ఉండి ఉంటారు. కదలని పావును కదపండి.

లాట్వియన్ గాంబిట్, ఎలిఫెంట్ గాంబిట్ లాంటి ఓపెనింగ్‌లు ఎప్పుడో ఒకసారి ఎదురవుతాయి. వాటికోసం విడిగా చదవక్కర్లేదు. ఎదురైన రోజు గేమ్ అయ్యాక చూసుకుంటే సరిపోతుంది.