సొంత డిజైన్ స్టూడియో – 5వ పాఠం: పాత కంపెనీయే తొలి క్లయింట్ అయితే

గత పాఠంలో ఇంటి ఖర్చు లెక్క వేశాం. ఆరు నెలలు జీతం రాకపోయినా ఇల్లు నడిచేంత డబ్బు పక్కన పెట్టాకే రాజీనామా మాట ఎత్తాలని అనుకున్నాం. ఆ పని అయిపోయిందనుకుని ముందుకు వెళ్దాం. ఈసారి నేర్చుకోవాల్సినవి రెండు. ఉద్యోగం వదిలేటప్పుడు మన వెంట ఏది వస్తుందో, ఏది రాదో తేల్చుకోవడం మొదటిది. పాత కంపెనీయే మన స్టూడియోకి మొదటి పని ఇస్తానంటే ఆ ఒప్పందాన్ని ఎలా రాసుకోవాలన్నది రెండోది.

ఈ పాఠానికి ఉదాహరణ జోనీ ఐవ్. ఆపిల్‌లో దాదాపు ముప్పై ఏళ్లు పనిచేసి, అక్కడి డిజైన్ మొత్తానికీ పెద్దగా ఉండి, 2019లో బయటికొచ్చి లవ్‌ఫ్రమ్ అనే స్టూడియో పెట్టిన మనిషి. అంత పేరూ డబ్బూ ఉన్నవాళ్ల సంగతి మనకెందుకు అనిపించవచ్చు. అంకెలు వేరు, నిజమే. కానీ ఆయన ఒప్పందంలో ఉన్న చిక్కుముడే, మాదాపూర్‌లో ఓ యాప్ కంపెనీ వదిలి ఇంట్లో టేబుల్ వేసుకుని కూర్చున్న డిజైనర్ ఒప్పందంలోనూ ఉంటుంది. ఆయన విషయంలో అది పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది కాబట్టి చదువుకోవడం తేలిక.

లవ్‌ఫ్రమ్‌కి చాలా ఏళ్ల ముందు ఆయన ఓ చిన్న స్టూడియో వదిలి ఆపిల్‌లోకి వెళ్లారు. ముందు అది ఎందుకో చూడాలి. చాలామంది 2019 నుంచే మొదలుపెడతారు. అసలు పాఠం అంతకు ముందే ఉంది.

ఐవ్ 1967లో లండన్‌లో పుట్టారు. తండ్రి వెండి పనివాడు, ఆ విద్య బోధించిన మాస్టారు కూడా. న్యూకాసిల్ పాలిటెక్నిక్‌లో చదువయ్యాక కొన్నాళ్లకు లండన్‌లోని టాంజరిన్ అనే చిన్న స్టూడియోలో భాగస్వామిగా చేరారు. అక్కడ ఐడియల్ స్టాండర్డ్ అనే కంపెనీకి వాష్‌బేసిన్, టాయిలెట్ డిజైన్లు చేశారు. ఎంతో శ్రద్ధగా చేసిన ఆ నమూనాల్ని కంపెనీ వద్దంది. తయారీకి ఖర్చెక్కువ అవుతుందన్నది ఒక అభ్యంతరం. ఆ మీటింగ్ రోజు బ్రిటన్‌లో కామిక్ రిలీఫ్ అనే సేవా సంస్థ విరాళాల దినం కావడంతో కంపెనీ పెద్దాయన ముక్కుకి ఎర్ర బంతి తగిలించుకుని కూర్చున్నారని చెబుతారు.

బయటి డిజైనర్ పరిస్థితి ఇదే. నమూనా మనది, నిర్ణయం వాళ్లది. ఫ్యాక్టరీలో ఎవరితో మాట్లాడితే ఖర్చు తగ్గుతుందో తెలుసుకునే అవకాశం కూడా మనకు ఉండదు. పైగా వచ్చే నెల పని కోసం ఈ నెలలోనే తిరగాలి. టాంజరిన్ క్లయింట్లలో ఆపిల్ ఒకటి. అక్కడ డిజైన్ విభాగం చూస్తున్న రాబర్ట్ బ్రన్నర్ పిలుపుతో ఐవ్ 1992లో ఆపిల్‌లో ఉద్యోగిగా చేరారు. 1996లో బ్రన్నర్ వెళ్లిపోయాక ఆ విభాగం ఐవ్ చేతికి వచ్చింది. మరుసటి ఏడాది స్టీవ్ జాబ్స్ తిరిగొచ్చారు. 1998లో ఐమ్యాక్, 2001లో ఐపాడ్, 2007లో ఐఫోన్, 2010లో ఐప్యాడ్, 2015లో వాచ్ వచ్చాయి. 2015 మేలో ఆయన్ని చీఫ్ డిజైన్ ఆఫీసర్‌ని చేశారు. 2019 జూన్ 27న ఆపిల్ ప్రకటన చేసింది: ఐవ్ కంపెనీ వదులుతున్నారు, చిరకాల మిత్రుడు, డిజైనర్ మార్క్ న్యూసన్‌తో కలిసి స్టూడియో పెడుతున్నారు, ఆ స్టూడియో క్లయింట్లలో ఆపిల్ ఒకటి.

ఇరవై అయిదేళ్ల వయసులో స్టూడియో వదిలిన మనిషే యాభై రెండేళ్లకు మళ్లీ స్టూడియోకి వచ్చారు. ఈసారి ఏ పని ఒప్పుకోవాలో, ఏది వద్దనాలో చెప్పగలిగే స్థితిలో వచ్చారు. మీరు బయటికొస్తున్నది ఆ స్థితిలోనా, ఇంకా దానికి ముందు దశలోనా? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాసుకోండి. ముందు దశలోనే ఉంటే బయటికి రాకూడదని కాదు. అప్పుడు ఒప్పందం మరింత జాగ్రత్తగా రాసుకోవాలి, అంతే.

మన వెంట వచ్చేది ఏది?

ఐవ్ పేరు ఆపిల్ పేటెంట్లలో లెక్కలేనన్ని చోట్ల సృష్టికర్తగా ఉంది. ఆ పేటెంట్ల హక్కు మాత్రం ఆపిల్‌ది. మన దగ్గరా అంతే. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. మీరు గీసిన స్క్రీన్లు, ఐకాన్లు, మీరు రాత్రుళ్లు కూర్చుని కట్టిన డిజైన్ సిస్టమ్, ఇవేవీ మీ వెంట రావు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం గురించి ఆలోచించనే వద్దు. పోర్ట్‌ఫోలియోలో ఏవి చూపించుకోవచ్చో రిలీవింగ్ లెటర్ చేతికి వచ్చేలోపే మెయిల్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకోండి. బయటికొచ్చాక అడిగితే జవాబిచ్చే తీరిక ఎవరికీ ఉండదు.

రెండో భయం పోటీ షరతు. ఆఫర్ లెటర్‌లో ‘మానేశాక రెండేళ్లు పోటీ సంస్థలకు పనిచేయరాదు’ అని ఉంటే చాలామంది టెన్షన్ పడతారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం ముగిశాక కూడా వృత్తి చేసుకోకుండా అడ్డుకునే షరతుల్ని మన కోర్టులు సాధారణంగా చెల్లనివ్వవు. ఆపిల్ ఉన్న కాలిఫోర్నియాలోనూ దాదాపు ఇలాంటి చట్టమే ఉంది. కానీ రహస్యాలు కాపాడాలన్న షరతు మాత్రం చెల్లుతుంది. విడుదల కాని ఫీచర్లు, ధరలు, క్లయింట్ల జాబితా మీ నోటి నుంచి రాకూడదు.

మరి మిగిలేదేమిటి? పనిచేసే పద్ధతి. నా దృష్టిలో స్టూడియోకి అసలు పెట్టుబడి ఇదే. అయితే చాలామంది దాన్ని కాగితం మీద పెట్టరు. తమకు తెలుసనుకుంటారు, క్లయింట్ ముందు కూర్చున్నాక మాటలు దొరకవు.

ఐవ్ పద్ధతి ఏమిటో ఒక వస్తువులో చూద్దాం. మొదటి ఐమ్యాక్‌కి పైన ఒక పిడి ఉంటుంది. దాన్ని రోజూ మోసుకుని తిరిగేవాళ్లు ఎవరూ లేరు. ఆ రోజుల్లో మామూలు జనానికి కంప్యూటర్ అంటే బెరుకు. ముట్టుకుంటే ఏమవుతుందోనన్న భయం. పిడి కనిపిస్తే చెయ్యి దానంతట అదే వెళ్తుంది, ముట్టుకోవచ్చన్న ధైర్యం వస్తుంది. ఐవ్ దాన్ని పెట్టింది అందుకే. పిడి పెడితే తయారీ ఖర్చు పెరుగుతుంది. అయినా జాబ్స్ ఒప్పుకున్నారు.

ఇందులో పద్ధతి ఏది? మొదట మనిషి మనసులో ఉన్న అడ్డంకిని గుర్తించడం. దాన్ని మాటలతో కాకుండా వస్తువు ఆకారంతో తీర్చడం. ఆ నిర్ణయానికయ్యే ఖర్చును సమర్థించే మనిషిని పక్కన ఉంచుకోవడం. ఐడియల్ స్టాండర్డ్ దగ్గర లోపించింది ఈ మూడోదే. ఆపిల్‌లో ఆయన బృందం ఇరవై మందికి అటూ ఇటూగా ఉండేది. బొమ్మలు గీసి ఆగిపోకుండా, చేత్తో పట్టుకుని చూసే నమూనాలు వరసగా చేసేవాళ్లు. జాబ్స్ తరచూ వచ్చి ఆ బల్లల మధ్య తిరుగుతూ వాటిని పట్టుకుని చూసేవారు. నిర్ణయం తీసుకునే మనిషి చేతిలో నమూనా ఉండడం కూడా పద్ధతిలో భాగమే.

ఇప్పుడు మీ పని. మీరు చేసిన వాటిలో గర్వపడే మూడింటిని ఎంచుకోండి. ఒక్కోదానికీ అరపేజీ రాయండి: వాడేవాళ్ల అడ్డంకి ఏమిటి, దాన్ని మీరు ఎలా కనిపెట్టారు, ఎన్ని రకాలు ప్రయత్నించి దేన్ని ఎందుకు వదిలేశారు, చివరికి ఒప్పుకున్నది ఎవరు. కంపెనీ రహస్యాలు రాయొద్దు. మూడూ రాశాక వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే అలవాట్లను గుర్తించండి. స్టూడియో అమ్మేది వాటినే.

ఒప్పందం

పాత కంపెనీ పని ఇస్తాననడం మంచి సంగతి. వాళ్లకు మీ పని తెలుసు, మీకు వాళ్ల మనుషులు తెలుసు. నెలనెలా కొంత మొత్తం ఇచ్చే రిటైనర్ పద్ధతి అయితే ఇంటికి ధీమా. కాకపోతే ఒక్క షరతు మొత్తాన్ని తలకిందులు చేయగలదు.

పత్రికల్లో వచ్చిన వివరాల ప్రకారం, కొన్నేళ్ల పాటు సాగేలా ఐవ్‌తో ఆపిల్ చేసుకున్న ఒప్పందం విలువ 10 కోట్ల డాలర్ల పైనే. దానికి బదులుగా, ఆపిల్‌కి పోటీ అనిపించే పనులు లవ్‌ఫ్రమ్ చేయకూడదు. 2022లో దాన్ని పొడిగించుకోకుండా ఇద్దరూ ముగించుకున్నారు. ఫోన్లు, కంప్యూటర్లు, వాచీలు, సంగీతం, సినిమాలు, ఇన్నిట్లో ఉన్న కంపెనీకి పోటీ కానిది ఎంత మిగులుతుందో ఆలోచించండి.

ఇక్కడ చట్టం సూక్ష్మాన్ని పట్టుకోవాలి. ఉద్యోగం మానేశాక పెట్టే అడ్డు సాధారణంగా చెల్లదన్నాను కదా. ఒప్పందం నడుస్తున్నంత కాలం ఫలానా పని చేయకూడదన్న షరతు వేరు. సంతకం పెట్టి, నెలనెలా డబ్బు తీసుకుంటూ అది చెల్లదని వాదించలేం. అందుకే పోటీ షరతును సంస్థల పేర్లతో రాయించుకోండి. ‘మా రంగంలోని ఏ సంస్థకూ’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ‘ఈ మూడు సంస్థలకు, ఈ ఆరు నెలలు’ అంటే సరే. అంతకు మించి కావాలంటే, మీరు వదులుకునే పనికి ధర కట్టి రిటైనర్‌లో కలపండి. అది అడగడం తప్పేమీ కాదు.

హక్కుల సంగతి. 2000 నాటి డిజైన్ల చట్టంలో ఒక మాట చాలామంది డిజైనర్లకు తెలియదు: డబ్బు తీసుకుని మరొకరి కోసం వస్తువు డిజైన్ చేస్తే, దాని హక్కుదారు చేయించుకున్నవారే. అంటే కుర్చీ, సీసా, ఫ్యాన్ లాంటివి గీసి ఇస్తే ఒప్పందంలో మీరేమీ రాసుకోకపోయినా హక్కు వాళ్లది. లోగో, ఇలస్ట్రేషన్ లాంటివాటిలో కాపీరైట్ బదిలీ కావాలంటే రాత ఒప్పందం ఉండాలి. అందులో కాలం రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ చట్టమే అనుకుంటుంది. రెండు సందర్భాలకూ పనికొచ్చే వాక్యం ఇది, అలాగే రాసుకోండి: ‘పూర్తి సొమ్ము అందిన తరువాతే ఆమోదించిన తుది డిజైన్ హక్కులు క్లయింట్‌కు బదిలీ అవుతాయి. ఆమోదించని నమూనాలు స్టూడియోవే.’ చివరి వాక్యం కొట్టేయమని అడుగుతారు. పట్టు వదలొద్దు. సంతకానికి ముందు ఒకసారి లాయర్‌కి చూపించండి, ఆ ఫీజు దండగ కాదు.

సొమ్ము విషయంలో క్లుప్తంగా చెబుతాను. అడ్వాన్స్ లేకుండా పని మొదలుపెట్టొద్దు. ఫీజులో సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) పట్టుకుని ఇస్తారు కాబట్టి చేతికొచ్చేది ఎంతో ముందే లెక్కేసుకోండి. ముగించుకోవాలంటే ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో ఇద్దరికీ సమానంగా ఉండాలి.

రెండో క్లయింట్

ఒకే క్లయింట్ ఉన్న స్టూడియోని నేను స్టూడియో అనను. సెలవులూ పీఎఫ్ లేని ఉద్యోగం అది. ఐవ్ ఈ సంగతి గ్రహించారు. ఆపిల్ ఒప్పందం నడుస్తుండగానే 2020లో ఎయిర్‌బీఎన్‌బీ, 2021లో ఫెరారీ, దాని వెనక ఉన్న ఎక్సోర్ సంస్థ క్లయింట్లయ్యాయి. బస వెతికిపెట్టే సంస్థ, కారు. రెండూ షరతు తగలని చోట్లు. ఈ ఎంపికను గమనించండి.

చిన్న పనుల్నీ ఆయన తక్కువగా చూడలేదు. 2023లో మూడో ఛార్లెస్ పట్టాభిషేక చిహ్నం లవ్‌ఫ్రమ్ చేసింది: గులాబీ, తిస్సిల్, డాఫొడిల్, షామ్‌రాక్ పువ్వులూ ఆకులూ కలిసి కిరీటం ఆకారం. అదే ఏడాది కామిక్ రిలీఫ్ ఎర్ర ముక్కునీ కొత్తగా చేశారు. మడిస్తే పలచగా నెలవంకలా జేబులో పట్టే కాగితం, తెరిస్తే తేనెపట్టు అల్లికలా విచ్చుకుని గుండ్రటి బంతి. ఇలాంటి పనులతో స్టూడియో పనితనం లోకానికి తెలుస్తుంది. రహస్య ఒప్పందాల కింద ఏళ్ల తరబడి సాగే పనులకు ఆ సౌకర్యం లేదు. మీరూ ఏడాదికి ఒకటైనా బాహాటంగా చూపించుకోగల పని పెట్టుకోండి.

ఇంకో నిర్ణయం నాకు బాగా నచ్చింది. కృత్రిమ మేధ పరికరాల కోసం ఐవ్ మరికొందరితో కలిసి ఐఓ అనే వేరే కంపెనీ పెట్టారు. 2025 మేలో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ దాన్ని దాదాపు 650 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. లవ్‌ఫ్రమ్ మాత్రం అమ్ముడుపోలేదు, స్వతంత్రంగానే ఉంటూ ఓపెన్‌ఏఐకి డిజైన్ చేస్తోంది. సేవ చేసే స్టూడియో, వస్తువు తయారుచేసే కంపెనీ వేర్వేరుగా ఉండడం వల్లే అది వీలైంది. రేపు మీకు సొంత యాప్ ఆలోచన వస్తే దాన్ని స్టూడియో ఖాతాలో కలపకండి. వేరే పేరు, వేరే బ్యాంకు ఖాతా, వేరే భాగస్వామ్య పత్రం.

ఈ వారం అభ్యాసం

మూడు కాగితాలు తయారుచేయండి. మొదటిది పైన చెప్పిన మూడు పనుల వివరణ. రెండోది మీ ఆఫర్ లెటర్, ఎన్‌డీఏ (రహస్యాలు కాపాడతామన్న ఒప్పందం) ముందు పెట్టుకుని రాసే పట్టిక: వెంట వచ్చేవి, రానివి, అడిగి తెలుసుకోవాల్సినవి. మూడోదానిలో పాత కంపెనీని పక్కన పెట్టి, మీ పద్ధతి ఉపయోగపడే వేరే రంగాల సంస్థలు అయిదు రాయండి. ఒక్కోదాని పక్కన అక్కడ నిర్ణయం తీసుకునేది ఎవరో రాయండి. పేరు తెలియకపోతే హోదా చాలు. మార్కెటింగ్ మేనేజరా, ఫ్యాక్టరీ యజమానా, ఆయన కూతురా అన్నది తేలాలి, ఎందుకంటే నమూనా చేరాల్సింది వాళ్ల చేతికే.

వచ్చే పాఠం కొటేషన్ రాయడం గురించి: గంటల లెక్కా, పని లెక్కా, నెల లెక్కా. ఈ మూడు కాగితాలూ దగ్గర పెట్టుకుని రండి, ధరలు వాటిలోంచే తీస్తాం.