డిస్ట్రిబ్యూటర్ మారుస్తున్నారా? ముందు పెట్రోల్ సీసా అవతల పెట్టండి

ఎండలు ముదిరాయంటే చాలు, రోడ్డు పక్కన బానెట్ ఎత్తిన పాత కారు, అందులోంచి లేస్తున్న మంట, ఇసుక తెచ్చి పోస్తున్న జనం ఉన్న వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. చూసినవాళ్లు షార్ట్ సర్క్యూట్ అనుకుని వదిలేస్తారు. కొన్నిసార్లు అదే నిజం. కానీ అంబాసిడర్, పద్మిని, కార్బురేటర్ మారుతి 800 లాంటి బండ్ల మీద పని చేసేవాళ్లకు ఇంకో కారణం బాగా తెలుసు. డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో సిలిండర్ ప్లగ్గుకు వరుసగా నిప్పు పంచే భాగం) మార్చారు, టైమింగ్, అంటే నిప్పు పడాల్సిన వేళ, తప్పింది, బండి స్టార్టు కాలేదు. ఎయిర్ క్లీనర్ తీసి, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ నోట్లో సీసాతో పెట్రోల్ పోశారు. లోపల కూర్చున్నవాడు సెల్ఫ్ కొట్టాడు. అంతే.

ఈ పనిలో మిగతా తప్పులకు డబ్బు పోతుంది. ఈ ఒక్కదానికి చేతులూ మొహమూ కాలిపోతాయి. హ్యాండ్ బ్రేక్ వేయడం, బ్యాటరీ వైరు తీయడం మీకు తెలిసినవే. అందుకే దీని గురించే ఎక్కువ చెప్పాలి.

మంట వెనక్కి ఎందుకు తంతుంది

ఇంజన్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక చుట్టు తిరుగుతుంది. అంటే ప్రతి సిలిండర్ విషయంలోనూ పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి కంప్రెషన్ చివర, ఇంకోసారి పొగ బయటికి తోసేశాక. రెండుసార్లూ ఇంజన్ ముందుండే పుల్లీ మీది గుర్తు ఒకే చోటికి వస్తుంది. పొగ తోసేశాక వచ్చినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ, ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుంటూ ఉంటాయి. గుర్తు కలిసింది కదా అని ఆ స్థితిలో డిస్ట్రిబ్యూటర్ దించితే, ఇన్‌లెట్ వాల్వు లేచే వేళకే ప్లగ్గులో నిప్పు పడుతుంది. అంటుకున్న మంటకు మానిఫోల్డు గొట్టం మీదుగా కార్బురేటర్ దాకా దారి తెరిచే ఉంటుంది. 'టప్' మని చప్పుడు, నోట్లోంచి బయటికి మంట నాలుక.

ఎయిర్ క్లీనర్ బిగించి ఉంటే ఆ మంట చాలాసార్లు అందులోనే ఆరిపోతుంది. అది తీసేసి, లోపల పెట్రోల్ పోసి, మూత లేని సీసా చేత్తో పట్టుకుని ఇంజన్ మీదికి వంగి ఉంటే మంట నేరుగా సీసా మూతికి అంటుకుంటుంది. చెయ్యి చురుక్కుమనగానే మనిషి సీసాను విదిలించేస్తాడు. ఆలోచించి చేసేది కాదది, చెయ్యి దానంతట అదే చేసేస్తుంది. ఆ విదిలింపుతోనే పెట్రోల్ ఇంజన్ మీదా, తన చొక్కా మీదా, పక్కనున్నవాడి మీదా పడుతుంది.

కార్బురేటర్ నోట్లో పెట్రోల్ పోయొద్దు. మూతతో కొలిచి పోసినా, సిరంజితో చిమ్మినా, గుడ్డ తడిపి పిండినా అంతే.

విప్పే ముందు

మొదట ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ చివరికి తెచ్చి, అప్పుడు డిస్ట్రిబ్యూటర్ విప్పండి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (మూత) కింద తిరిగే రోటర్ ఎటు చూస్తోందో డిస్ట్రిబ్యూటర్ బాడీ అంచు మీద ఒక గీత, ఆ బాడీ ఎక్కడ కూర్చుందో చూపిస్తూ ఇంజన్ బ్లాకు మీదికి ఇంకో గీత పెట్టండి. ఫోన్‌తో ఫోటోలు తీయండి. ప్లగ్గు వైర్లకు టేపు చుట్టి నంబర్లు రాయండి. విప్పాక ఇంజన్‌ను కదిలించొద్దు, గేర్లో ఉన్న బండిని తోయొద్దు. డిస్ట్రిబ్యూటర్ తీసిన రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. అందులో వాషర్ పడితే ఇంజన్ అడుగున ఉండే సంప్ విప్పాల్సి రావచ్చు.

అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ అడుగున కాస్త పక్కకు జరిగిన నాలుక ఉంటుంది. అది ఒకే తీరున కూర్చుంటుంది కాబట్టి తప్పు జరగదని ధీమా. కానీ ఎవరైనా లోపలి డ్రైవ్ షాఫ్టును అంతకుముందు తీసి తిరగేసి పెట్టి ఉంటే, ఆ నాలుక తప్పు చోటనే చక్కగా కూర్చుంటుంది. అడుగున ఏటవాలు పళ్ల గేరు ఉన్న డిస్ట్రిబ్యూటర్ల సంగతి వేరు. లాగేటప్పుడే రోటర్ కొంత తిరుగుతుంది. లాగకముందు ఒక గీత, పూర్తిగా బయటికి వచ్చి ఆగిన చోట రెండో గీత పెట్టండి. కొత్తదాన్ని రెండో గీత దగ్గర పట్టుకుని దించితే కూర్చునేసరికి మొదటి గీతకు రావాలి.

గుర్తులు పెట్టకుండానే విప్పేశారా? లేదా ఇంకెవరో విప్పేసిన బండి మీ దగ్గరికి వచ్చిందా? అప్పుడు పుల్లీని నమ్మొద్దు.

కంప్రెషన్‌ను చేత్తో చూడటం

ప్లగ్గుల నిప్పుకు కరెంటు ఇచ్చే కాయిల్ సన్న వైరు తీసి టేపు చుట్టండి. ప్లగ్గులన్నీ విప్పండి. ఒకటో సిలిండర్ రంధ్రం మీద బొటనవేలు అదిమి పెట్టి, వేలు లోపలికి దూర్చకుండా, ఇంజన్‌ను ముందుకే నెమ్మదిగా తిప్పించండి. వేలు అందకపోతే నలిపిన కాగితం ఉండ పెట్టండి. గాలి వేలిని బయటికి నెడుతుంది, కాగితం ఎగిరిపడుతుంది. అదే కంప్రెషన్. అక్కడి నుంచి పుల్లీ గుర్తు కలిసేదాకా తిప్పి ఆపండి. గుర్తు కనిపించకపోతే తుడిచి చిటికెడు సున్నం పెట్టండి.

ఇంకా అనుమానంగా ఉంటే వాల్వుల మీదుండే టాపెట్ కవర్ తీయండి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటోది కంప్రెషన్‌లో ఉన్నప్పుడు దాని రెండు వాల్వులూ వదులుగా ఉంటాయి, నాలుగోదాని వాల్వులు ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఉంటాయి. ఇది తప్పు చెప్పదు.

అంబాసిడర్‌లో సిలిండర్లకు నిప్పు అందే వరుస 1-3-4-2. ఇంజన్ ఒక చుట్టు తేడా వచ్చిందని తేలితే, క్యాప్ మీద నాలుగు వైర్లనూ రెండేసి స్థానాలు జరిపితే సరిపోతుంది. ఒకటి ఉన్నచోటికి నాలుగు, మూడు ఉన్నచోటికి రెండు వస్తాయి. మారుతి 800 లో ఈ ఉపాయం పనికిరాదు. మూడు సిలిండర్లు, వరుస 1-3-2. ఒక చుట్టు తప్పితే రోటర్ రెండు కొనల మధ్య ఖాళీలో నిలబడుతుంది. వైర్లు ఎలా మార్చినా లాభం లేదు, డిస్ట్రిబ్యూటర్ తీసి మళ్లీ దించాల్సిందే. అలాంటి బండి వెనక్కి తంతుంటే పెట్రోల్ చాల్లేదని అనుకోవడం, ఆ వెంటనే సీసా అందుకోవడం చాలా తేలిగ్గా జరిగిపోతాయి.

పాయింట్లు, టైమింగ్

పాయింట్లు అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల కలిసి విడిపోయే రెండు కొనలు, అవి విడిపోయినప్పుడే నిప్పు పడుతుంది. ముందు పాయింట్ల గ్యాప్, తర్వాతే టైమింగ్. గ్యాప్ పెరిగితే పాయింట్లు తొందరగా విడిపోతాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది. తగ్గితే వెనక్కి. కాబట్టి టైమింగ్ పెట్టాక గ్యాప్ ముట్టుకుంటే మళ్లీ మొదటికొచ్చినట్టే. అంబాసిడర్‌లో లూకస్ రకం పాయింట్లకు 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే సుమారు 0.4 మిల్లీమీటరు. కామ్ మీద గ్రీజు అద్దండి, పూయొద్దు.

టైమింగ్ డిగ్రీలు మీ ఇంజన్ పుస్తకంలో ఉన్నవే పెట్టండి, వేరే బండి అంకె అరువు తెచ్చుకోవద్దు. కాయిల్ నుంచి పాయింట్లకు వచ్చే టెర్మినల్‌కూ బండి బాడీకీ మధ్య 12 వోల్టుల బల్బు కలపండి. కీ ఆన్ చేసి, డిస్ట్రిబ్యూటర్ బాడీని మెల్లగా తిప్పుతూ ఉంటే బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు విడిపోయిన క్షణం. రోటర్ తిరిగే దిక్కుకు ఎదురుగా బాడీని తిప్పితే ముందుకు, అదే దిక్కుకు తిప్పితే వెనక్కి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒక డిగ్రీ అంటే ఇంజన్ దగ్గర రెండు. వెంట్రుకవాసి జరపండి చాలు.

టైమింగ్ మరీ ముందుకుంటే లోడు మీద ఇంజన్ టకటకమంటుంది. ఆ చప్పుడుతోనే నడిపితే పిస్టన్ పోతుంది. మరీ వెనక్కి ఉంటే చప్పుడేమీ రాదు, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంజన్ వేడెక్కిపోతుంది, బానెట్ కింద పెట్రోల్ పైపులు కూడా ఉడుకుతాయి. రెంటచింతల ఎండలోనో రామగుండం ఎండలోనో పైపులో పెట్రోల్ ఆవిరైపోయి బండి ఆగుతుంది. అప్పుడు నడిరోడ్డు మీద మళ్లీ అదే సీసా బయటికొస్తుంది. పోయొద్దు. బానెట్ ఎత్తి అరగంట చల్లారనివ్వండి.

స్టార్టు చేసేటప్పుడు

సెల్ఫ్ కొట్టే ముందు ఎయిర్ క్లీనర్ బిగించండి.

పెట్రోల్ వస్తోందా అనే అనుమానం ఉంటే కీ తీసేసి, యాక్సిలరేటర్ పంపు ఉన్న కార్బురేటర్ అయితే చేత్తో లివర్ ఒక్కసారి నొక్కి నోట్లోకి చూడండి. సన్నటి ధార పడితే పెట్రోల్ ఉన్నట్టే. లోపం నిప్పులోనో టైమింగ్‌లోనో ఉంది. ఇంకా పోసి ఏం లాభం?

కార్బురేటర్ గిన్నె ఎండిపోయి ఉంటే పెట్రోల్ పంపు చేతి లివర్‌తో నింపండి. లివర్ లేకపోతే కాయిల్ సన్న వైరు తీసి, 10 సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టి, మధ్యలో అర నిమిషం ఆపండి.

కొత్త డిస్ట్రిబ్యూటర్ మీద పాత పగుళ్ల క్యాప్ పెట్టొద్దు. లోపల పెన్సిల్ గీతలా నల్లని చార కనిపిస్తే నిప్పు ఆ చార వెంట వేరే సిలిండర్‌కు పోతుంది. మళ్లీ వెనక్కి తన్నడమే.

ఇంజన్ తిప్పే హ్యాండిల్ కొడితే బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచండి. చుట్టి పట్టుకుంటే, టైమింగ్ ముందుకున్న ఇంజన్ ఎదురు తిరిగినప్పుడు వేలు విరుగుతుంది. పైకి లాగండి, కిందికి తొయ్యొద్దు.

ప్లగ్గు నిప్పుతో పాటే మెరిసే టైమింగ్ లైటు వెలుగులో తిరిగే ఫ్యాను ఆగినట్టు కనిపించవచ్చు. అది ఆగలేదు. కండువా, చున్నీ, మెడలో గొలుసు తీసేయండి. లైటు వైర్లు ఫ్యానుకు దూరంగా.

డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ పైపు తీసి, మూసి, అప్పుడే లైటు పట్టండి.

ఇంజన్ ఆగి ఉండగా కీ ఆన్‌లో వదిలేయొద్దు. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ కాలిపోతుంది.

పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ పెడుతుంటే బ్యాటరీ ఏ టెర్మినల్ బండి బాడీకి కలిసిందో ముందు చూడండి. మరీ పాత బండ్లు కొన్నింటిలో పాజిటివ్ బాడీకి ఉంటుంది. తిప్పి కలిపితే మాడ్యూల్ పోయినట్టే.

ప్లగ్గు వైరు చేత్తో పట్టుకుని నిప్పు చూడొద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దగ్గరికే రావద్దు.

పెట్రోల్ పైపులు వేలితో నొక్కి చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడుతుంది. చెమ్మ తగిలినా, పగుళ్లు కనిపించినా పైపు మార్చాకే సెల్ఫ్.

పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేంత దూరంలో ఉండాలి, డిక్కీలో కాదు. పెట్రోల్ మంట మీద నీళ్లు పోయొద్దు, తేలి పాకుతుంది.

కార్బురేటర్ వెనక్కి తన్నిందా? రెండోసారి సెల్ఫ్ కొట్టొద్దు. కీ తీయండి. కంప్రెషన్ మళ్లీ వేలితో చూడండి. వైర్ల వరుస చూడండి. పాయింట్ల గ్యాప్ చూడండి.

పోయొద్దు. పెద్ద మెకానిక్ పోయమన్నా పోయొద్దు. పక్కవాడు పోస్తుంటే కీ మీ జేబులో వేసుకోండి.

సీసా ఇంకా షెడ్డులోనే ఉంటే, స్పానర్ పట్టుకునే ముందు మూత బిగించి బయట పెట్టి రండి.