కాలేజీ అమ్మాయిల సాఫ్ట్‌బాల్ సీజన్‌ని మొదటిసారి ఫాలో అవుతున్నారా? పిచ్చర్‌తో మొదలుపెట్టండి

సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్ లాంటి ఆటే. ముందు ఒక్క టీమ్‌ని పట్టుకోండి. అమెరికాలో డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి) లోనే దాదాపు 300 కాలేజీ టీములున్నాయి, అన్నింటి మీదా కన్నేస్తే వారం తిరక్కముందే విసుగొస్తుంది. మీరు చదివిన యూనివర్సిటీ కావచ్చు, మీ తమ్ముడు ఎమ్మెస్ చేస్తున్న చోటు కావచ్చు, ఏదైనా సరే. మేం ఆస్టిన్‌లో ఉంటాం కాబట్టి మా ఇంట్లో టెక్సస్ లాంగ్‌హార్న్స్, అంటే టెక్సస్ యూనివర్సిటీ టీమ్.

టీమ్ దొరికాక మొత్తం ఆటగాళ్ల లిస్టు బట్టీ పట్టక్కర్లేదు, పిచ్చర్లు, అంటే బంతి వేసేవాళ్లు, ఎవరో తెలుసుకుంటే చాలు. మామూలుగా ముగ్గురో నలుగురో ఉంటారు, అందులో ఒకరిద్దరి భుజాల మీదే సీజన్ అంతా నడుస్తుంది. నా లెక్కలో ఈ ఆట చూడటమంటే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఆ చేయి ఎలా ఉందో చూడటమే.

ఎందుకో చెప్తాను. క్రికెట్ పిచ్ 66 అడుగులు. ఇక్కడ పిచ్చర్‌కీ బ్యాటర్‌కీ మధ్య 43 అడుగులే. చేతిని గిర్రున ఒక చుట్టు తిప్పి నడుము పక్కనుంచి వదిలిన బంతి, మంచి పిచ్చర్ అయితే, గంటకు 110 కిలోమీటర్ల దాకా వస్తుంది. బ్యాటర్‌కి అర సెకను కూడా దొరకదు. బంతి నేలకు తగలదు, గాల్లోనే కథంతా. రైజ్ బాల్ ఛాతీ దాకా వస్తూ ఇంకా పైకి పోతున్నట్టుంటుంది, డ్రాప్ బాల్ చివర్లో కిందికి జారిపోతుంది, ఛేంజప్ అదే చేతి ఊపుతో నెమ్మదిగా వచ్చి బ్యాటర్‌ని ముందే బ్యాటు ఊపేలా చేస్తుంది. మొదటి రోజు ఈ మూడూ గుర్తుపట్టగలిగితే చాలు.

మిగతా రూల్స్ తేలికే. 7 ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో టీముకి మూడు ఔట్లు. 5 ఇన్నింగ్స్ అయ్యేసరికి 8 పరుగుల తేడా ఉంటే ఆట అక్కడితో ఆపేస్తారు. బేస్ (పరుగు కోసం చుట్టిరావాల్సిన నాలుగు మజిలీల్లో ఒకటి) మీదున్న రన్నర్, బంతి పిచ్చర్ చేయి దాటేవరకు కదలకూడదు. ఎడమ చేతి వాటం బ్యాటర్ ఒకామె బంతి వస్తుండగానే ఫస్ట్ బేస్ వైపు అడుగులేస్తూ బ్యాటు తగిలిస్తే కంగారుపడకండి, దాన్ని స్లాప్ అంటారు, బేస్‌లు 60 అడుగుల దూరమే కాబట్టి ఆ రెండడుగుల ముందడుగుకి చాలా విలువ.

ఇక సీజన్. ఫిబ్రవరిలో అంతా ఫ్లోరిడా, కాలిఫోర్నియా, ఆరిజోనా లాంటి వెచ్చని చోట్ల వీకెండ్ టోర్నీలు, మూడు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు కూడా ఆడతారు. ఇక్కడ ఓడితే దిగులు పడొద్దు, కొత్తగా చేరిన అమ్మాయిలకు కోచ్‌లు బంతి ఇచ్చి చూసేది ఇప్పుడే. మార్చి నుంచి కాన్ఫరెన్స్ (టీమ్ ఉన్న లీగ్) సిరీస్‌లు, వీకెండ్‌కి ఒకే ప్రత్యర్థితో మూడు మ్యాచ్‌లు. అసలు చూడాల్సింది ఇవే. మొదటి రోజు మెయిన్ పిచ్చర్ దిగుతుంది, మూడో రోజు ఆమే మళ్లీ వస్తుంది, అప్పటికి అవతలి బ్యాటర్లు ఆమె బంతుల్ని కావలసినంత చూసేసి ఉంటారు. మొదటి రోజు గాలిని కొట్టిన అమ్మాయే మూడో రోజు అదే రైజ్ బాల్‌ని వదిలేసి వాక్ (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఉచితంగా దొరికే ఫస్ట్ బేస్) తీసుకుంటుంది. ఆ మార్పు కంట పడిందంటే ఇక మీరు ఈ ఆటని వదల్లేరు.

అందుకే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ప్రత్యర్థి, ఎవరు వేశారు, ఎన్ని ఇన్నింగ్స్, ఎన్ని వాక్‌లు, పరుగులు ఏ ఇన్నింగ్స్‌లో వచ్చాయి. యూనివర్సిటీ స్పోర్ట్స్ వెబ్‌సైట్‌లో బాక్స్ స్కోర్ (మ్యాచ్ లెక్కల పట్టిక) ఉంటుంది. అందులో ఐపీ (వేసిన ఇన్నింగ్స్) దగ్గర 5.2 అని ఉంటే ఐదు ఇన్నింగ్స్, ఇంకో రెండు ఔట్లు అని. బీబీ అంటే వాక్‌లు, నేను ముందు చూసేది అదే. పరుగులివ్వకపోయినా వరసగా రెండు మ్యాచ్‌ల్లో వాక్‌లు పెరిగాయంటే చేయి అలసిపోతోందేమో అని నాకు టెన్షన్ మొదలవుతుంది. ఈఆర్‌ఏ అనేది 7 ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులిచ్చిందో చెప్పే లెక్క, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి అందులో కలపరు.

సీజన్ ఆఖర్లో ఓక్లహోమా సిటీలో జరిగే విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్ 2025 ఫైనల్ చూసినవాళ్లకి ఈ నోట్‌బుక్ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. టెక్సస్ టెక్ (ఇది వేరే యూనివర్సిటీ) పిచ్చర్ నిజారీ కనడీ అక్కడ తన టీమ్ తరఫున ఒక్కో బంతీ తానే వేస్తూ వచ్చింది. మొదటి ఫైనల్ ఆరో ఇన్నింగ్స్‌లో టెక్సస్ బ్యాటర్ రీస్ ఆట్‌వుడ్‌ని కావాలనే వాక్ చేయిద్దామని బయటికి వేసిన బంతి సరిపడా దూరం పోలేదు, ఆట్‌వుడ్ చేయి చాచి కొట్టేసింది, ఇద్దరు రన్నర్లు హోమ్ ప్లేట్‌కి (బ్యాటర్ నిలబడే చోటు) చేరి పరుగులు తెచ్చారు, టెక్సస్ 2-1. రెండోది టెక్సస్ టెక్ 4-3తో గెలిచింది. మూడో మ్యాచ్‌లో కనడీ మొదటి ఇన్నింగ్స్‌లోనే 5 పరుగులిచ్చి బయటికి రావాల్సి వచ్చింది. 10-4, టెక్సస్‌కి మొట్టమొదటి టైటిల్. మా ఇల్లంతా ఎగిరి గంతేసింది, కానీ ఆ అమ్మాయి డగౌట్‌లోకి నడిచి వెళ్తుంటే గుండె పట్టేసినట్టయింది, అంత దూరం ఒంటి చేత్తో లాక్కొచ్చింది కదా.

మే నెల ఫార్మాట్ ఒకసారి అర్థం చేసుకోండి. 64 టీములు, నాలుగేసి చొప్పున 16 రీజినల్స్, రెండు ఓడితే ఇంటికే. గెలిచిన 16 టీములు సూపర్ రీజినల్స్‌లో ఇద్దరిద్దరుగా తలపడతాయి, మూడింట రెండు గెలవాలి. మిగిలిన 8 ఓక్లహోమా సిటీలోని డెవన్ పార్క్‌కి వెళ్తాయి, అదే విమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్. అక్కడా రెండు ఓటములే హద్దు, చివరి ఇద్దరికి మాత్రం మళ్లీ మూడు మ్యాచ్‌ల ఫైనల్.

ఇండియా నుంచి స్కోర్ చూసేవాళ్లకి: ఆస్టిన్‌లో సాయంత్రం 6 అంటే ఫిబ్రవరిలో మనకు తెల్లవారి 5:30, మార్చి రెండో ఆదివారం నుంచి 4:30.

ఇక్కడే ఉన్నవాళ్లు మాత్రం ఒక్కసారైనా గ్రౌండ్‌కి వెళ్లండి, పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని తీసుకెళ్లండి. టికెట్ దొరికితే హోమ్ ప్లేట్ వెనక సీటు తీసుకోండి, డ్రాప్ బాల్ జారడం టీవీలో ఇంత స్పష్టంగా కనపడదు. అరగంట ముందే చేరితే పిచ్చర్ వార్మప్ చూడొచ్చు: ముందు దగ్గరి నుంచి మణికట్టు విదిలింపు, తర్వాత ఒక్కో అడుగు వెనక్కి, చివరికి పూర్తి దూరం నుంచి, క్యాచర్ గ్లవ్‌లో పడ్డ ప్రతి బంతికీ చప్పట్లాంటి శబ్దం. మా అమ్మాయి ఆట మొదలయ్యేదాకా ఆ కంచె పట్టుకునే నిలబడుతుంది.