మన సిస్టమ్ మనమే బాగుచేసుకుందాం – 5వ పాఠం: నెట్‌వర్క్ కార్డ్ అసలు కనపడకపోతే

పోయిన పాఠంలో కేబుల్ పెట్టినా నెట్ రాకపోతే ఏం చూడాలో చేశాం కదా, ఐపీ అడ్రస్ వచ్చిందా, రూటర్‌కి పింగ్ వెళ్తోందా, డీఎన్ఎస్ పలుకుతోందా అని. అవన్నీ నెట్‌వర్క్ కార్డ్ (సిస్టమ్‌ని కేబుల్‌తోనో వైఫైతోనో నెట్‌కి కలిపే భాగం) ఉంది అనుకుని చేసిన పనులు. ఈసారి కార్డే లేదు. సెట్టింగ్స్‌లో వైఫై అనే మాటే కనపడదు, నెట్‌వర్క్ కనెక్షన్స్ విండో తెరిస్తే ఖాళీగా తెల్లగా ఉంటుంది, పింగ్ చేద్దామన్నా దేంతో చేస్తాం. ఇక్కడ చాలామంది కంగారుపడి విండోస్ మొత్తం మళ్ళీ వేసేస్తారు, దయచేసి ఆ పని చెయ్యకండి, ఎందుకంటే కార్డ్ బోర్డుకే (అంటే అన్ని భాగాలూ తగిలించే మదర్‌బోర్డుకే) కనపడకపోతే విండోస్ పదిసార్లు వేసినా రాదు, ఈలోపు మీ ఫైళ్ళు పోతాయి.

ఈ పాఠం మొత్తానికి ఒకటే ప్రశ్న. కార్డ్ ఎవరికి కనపడట్లేదు? బోర్డుకా? విండోస్‌కా? లేక విండోస్‌కి కనపడుతోంది గానీ దాన్ని ఎలా నడపాలో తెలియట్లేదా? మూడూ వేరే జబ్బులు. ఏదో తేలకుండా డ్రైవర్ల (కార్డ్‌ని ఎలా నడపాలో విండోస్‌కి చెప్పే సాఫ్ట్‌వేర్) మీద పడితే టైమ్ వేస్ట్.

విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కండి, వచ్చిన మెనూలో డివైస్ మేనేజర్ తెరవండి. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ విప్పండి. వాన్ మినీపోర్ట్ అని వరసగా కొన్ని పేర్లు ఉంటాయి, వాటిని చూసి కార్డ్ ఉందిలే అనుకోకండి, అవి విండోస్ తనకోసం పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ అడాప్టర్లు. మనకి కావాల్సింది రియల్‌టెక్, ఇంటెల్, మీడియాటెక్ లాంటి కంపెనీ పేరుతో ఉన్న లైన్. అది ఉండి దాని మీద కిందికి చూసే చిన్న బాణం గుర్తుంటే కార్డ్ డిజేబుల్ అయి ఉందంతే, రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చెయ్యండి, మీకు పాఠం ఇక్కడే అయిపోయింది.

అక్కడ లేకపోతే అదర్ డివైసెస్ అనే చోట చూడండి. ఈథర్నెట్ కంట్రోలర్ అనో నెట్‌వర్క్ కంట్రోలర్ అనో పసుపు గుర్తుతో ఉందా? ఇది చూసి చాలామంది భయపడతారు గానీ నిజానికి ఇది మంచి వార్త. బోర్డుకి కార్డ్ కనపడింది, విండోస్‌కీ కనపడింది, డ్రైవర్ లేదు, అంతే. మామూలుగా ఈథర్నెట్ కంట్రోలర్ అంటే కేబుల్ పెట్టేది, ఉత్త నెట్‌వర్క్ కంట్రోలర్ అంటే ఎక్కువగా వైఫై. డబుల్ క్లిక్ చేస్తే కోడ్ 28 అని కనపడుతుంది, డ్రైవర్ వెయ్యలేదని అర్థం.

ఇప్పుడు ఏ డ్రైవర్ వెయ్యాలి అన్నది. ఊహించొద్దు. అదే విండోలో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్ళి పైనున్న లిస్టులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. ఒక పొడుగాటి లైన్ వస్తుంది, అందులో వీఈఎన్ తర్వాత నాలుగు అక్షరాలు, డీఈవీ తర్వాత ఇంకో నాలుగు. మొదటి నాలుగు తయారుచేసిన కంపెనీ, రెండోది ఆ మోడల్. 8086 అంటే ఇంటెల్ (1978లో వాళ్ళు తెచ్చిన ప్రాసెసర్ నంబరే, అందుకే ఒకసారి చూస్తే మర్చిపోం), 10ఈసీ అంటే రియల్‌టెక్, 14ఈ4 బ్రాడ్‌కామ్, 168సీ ఏథరాస్, 14సీ3 మీడియాటెక్. ఈ నంబర్లు చిప్ లోపలి నుంచే వస్తాయి, స్టిక్కర్ ఊడిపోయినా, డబ్బా మీద ఏం రాసున్నా, ఇవి మాత్రం నిజం చెప్తాయి. ఆ రెండు నంబర్లూ పట్టుకుని మీ ల్యాప్‌టాప్ లేదా మదర్‌బోర్డ్ కంపెనీ సైట్లో మీ మోడల్ పేజీలో డ్రైవర్ దించుకోండి. అన్ని డ్రైవర్లూ మేమే వేస్తాం అని చెప్పే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోకండి, వాటితో పాటు ఏమేం వచ్చి కూర్చుంటాయో చెప్పలేం.

నెట్టే లేకపోతే డ్రైవర్ ఎలా దించాలి అంటారా, ఆండ్రాయిడ్ ఫోన్ ఛార్జింగ్ కేబుల్‌తో కలిపి హాట్‌స్పాట్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. ఫోనే ఒక నెట్‌వర్క్ కార్డ్‌లా వచ్చి కూర్చుంటుంది. మామూలుగా విండోస్ 10, 11లో విడిగా ఏమీ వెయ్యక్కర్లేదు, కాకపోతే కేబుల్ డేటా కూడా పంపేదై ఉండాలి, ఉత్త ఛార్జింగ్ కేబుల్ అయితే ఆ ఆప్షన్ మీద వేలు పెట్టనివ్వదు.

సరే, రెండు చోట్లా లేదు. పేరు లేదు, పసుపు గుర్తూ లేదు. పైన వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ నొక్కితే పాత కార్డ్ పేరు వెలిసిపోయినట్టు మసగ్గా కనపడొచ్చు, తెరిస్తే కోడ్ 45. అంటే ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు తగలట్లేదు అని. ఇక్కడ నుంచి అసలు పని.

ముందు కరెంటు మొత్తం తీసేయండి. ఇది చిట్కా వైద్యంలా అనిపిస్తుంది గానీ కారణం ఉంది. చాలా సిస్టమ్‌లలో షట్‌డౌన్ చేసినా ల్యాన్ చిప్‌కి (కేబుల్ నెట్‌ని నడిపే చిప్) కొంచెం కరెంటు వెళ్తూనే ఉంటుంది, నెట్‌వర్క్ నుంచి సిస్టమ్‌ని నిద్రలేపే వేక్ ఆన్ ల్యాన్ కోసం. రాత్రి గదిలో లైట్ తీసేసి చూడండి, ఆపేసిన సిస్టమ్ వెనక పోర్ట్ దగ్గర చిన్న లైటు ఇంకా మిణుకుమంటూ ఉంటుంది చాలాసార్లు. కాబట్టి ఆ చిప్ ఏదో అయ్యి బిగుసుకుపోతే రీస్టార్ట్ చేసినా, షట్‌డౌన్ చేసినా అలాగే బిగుసుకుని ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒక డెస్క్‌టాప్‌కి కరెంటు పోయి వచ్చాక ల్యాన్ మాయమైంది, డ్రైవర్ మూడు వెర్షన్లు మార్చి చూశా, ఏం లేదు, చివరికి వెనక ప్లగ్ పీకి, పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని, ఆ లైటు పూర్తిగా ఆరిపోయేదాకా చూసి మళ్ళీ పెడితే డివైస్ మేనేజర్‌లో ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది. అప్పటినుంచి డ్రైవర్ ముట్టుకునే ముందు ప్లగ్ ముట్టుకుంటా. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, అదే పని.

రాలేదా, బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే, బోర్డు సొంత సెట్టింగ్స్) వెళ్ళండి. ఆన్ చెయ్యగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ వరసగా నొక్కుతూ ఉంటే మామూలుగా వస్తుంది. ఆన్‌బోర్డ్ డివైసెస్ లాంటి పేజీలో ల్యాన్ కంట్రోలర్, వైర్‌లెస్ అని ఉంటాయి, డిజేబుల్డ్ అని ఉంటే విండోస్‌కి ఆ కార్డ్ ఉన్నట్టే తెలీదు. ఎనేబుల్ చేసి సేవ్ చేసి రండి.

అక్కడా సరిగ్గానే ఉంటే ఇప్పుడు ఒక సాక్షి కావాలి. లినక్స్ ఏదైనా ఒకటి, ఉబుంటు అనుకోండి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇన్‌స్టాల్ చెయ్యకుండా ట్రై మోడ్‌లో బూట్ చెయ్యండి. టెర్మినల్‌లో ఎల్, ఎస్, పీ, సీ, ఐ ఈ అయిదు చిన్న అక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ నొక్కితే పీసీఐ (కార్డులు బోర్డుతో మాట్లాడుకునే దారి, కొత్త రకాన్ని పీసీఐఈ అంటారు) దారిలో బోర్డుకి తగిలిన ప్రతి పరికరం ఒక్కో లైన్‌గా వస్తుంది, డ్రైవర్ ఉన్నా లేకపోయినా. మీ కార్డ్ అక్కడ కనపడిందంటే కార్డ్ బతికే ఉంది, తప్పు విండోస్ వైపు ఉంది, అప్పుడు నెట్‌వర్క్ రీసెట్ చెయ్యండి, పాత డ్రైవర్ పూర్తిగా తీసి కొత్తది వెయ్యండి. అక్కడా లేదంటే ఇక స్క్రూడ్రైవర్ తియ్యాల్సిందే.

డెస్క్‌టాప్‌లో విడిగా పెట్టిన కార్డ్ అయితే ప్లగ్ తీసేసి, కార్డ్ తీసి, బంగారు రంగు పళ్ళు మెత్తటి పొడిబట్టతో తుడిచి ఇంకో స్లాట్‌లో పెట్టండి, చిన్న కార్డ్ పెద్ద పీసీఐఈ స్లాట్‌లో కూడా పడుతుంది. ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డ్ మామూలుగా ఒకే ఒక్క చిన్న స్క్రూతో ఉంటుంది, బ్యాటరీ కనెక్టర్ తీసాకే దాని మీద చెయ్యి వెయ్యండి. స్క్రూ తియ్యగానే కార్డ్ తనంతట తనే ఏటవాలుగా పైకి లేస్తుంది, ఆ వాలులోనే బయటికి లాగాలి, ఆ వాలులోనే లోపలికి నెట్టాలి. పైన రెండు సన్న వైర్లు ఉంటాయి కదా, వాటి కొసలు ఆవగింజంత ఉంటాయి, నిట్టనిలువుగా లేపి తియ్యండి, పక్కకి లాగితే విరుగుతాయి. అవి యాంటెనాలు, అవి ఊడితే సిగ్నల్ తగ్గుతుంది గానీ కార్డ్ మాయమవదు.

ఇంకో రెండు సంగతులు. ల్యాప్‌టాప్‌లో ఉండే ఈ చిన్న ఎం.2 రకం వైఫై కార్డుల్లో చాలావాటికి వైఫై పీసీఐఈ దారిలో, బ్లూటూత్ యూఎస్‌బీ దారిలో వెళ్తాయి, అందుకే బ్లూటూత్ పనిచేస్తూ వైఫై ఒక్కటే కనపడకపోవచ్చు, అంటే కార్డ్‌కి కరెంటు అందుతోందన్నమాట. రెండోది, కొత్త కార్డ్ కొని పెట్టాక కనపడకపోతే దాని నంబర్ చూడండి. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201 చూడ్డానికి ఒకేలా ఉంటాయి, 200 మామూలు పీసీఐఈ కార్డ్, 201 మాత్రం ఇంటెల్ సొంత సీఎన్‌వీఐ పద్ధతి ఉన్న బోర్డుల్లోనే పనిచేస్తుంది, ఏఎండీ బోర్డులో పెడితే స్లాట్‌లో చక్కగా పడుతుంది గానీ ఎప్పటికీ కనపడదు. కార్డ్ పాడు కాలేదు, జోడీ కుదరలేదు.

ఇవన్నీ అయ్యాక కూడా లేదంటే చిప్ పోయినట్టే అనుకోవచ్చు, యూఎస్‌బీ ల్యాన్ గానీ యూఎస్‌బీ వైఫై గానీ పెట్టుకోండి, దానికోసం బోర్డు మార్చక్కర్లేదు.

ఈ వారం ప్రాక్టీస్: ఇప్పుడు బాగున్న మీ సిస్టమ్‌లోనే హార్డ్‌వేర్ ఐడీ తెరిచి ఆ రెండు నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఆ డ్రైవర్ దించి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. వచ్చే పాఠంలో, కార్డ్ కనపడుతూనే కాసేపటికోసారి డిస్కనెక్ట్ అయ్యే సిస్టమ్ సంగతి చూద్దాం, అందుకు ఆ నంబర్లు మళ్ళీ కావాలి.