పాపానికి పేరు పెట్టి ఒప్పుకోవడం, వెలుగులో నడవడం ఎలా

"ప్రభువా, తెలిసీ తెలియక చేసిన నా పాపాలన్నీ క్షమించు" అని రాత్రి ప్రార్థించి, పొద్దున్నే మళ్లీ అదే పాపంలోకి వెళ్లేవాళ్లు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. మనసులో బాధ లేక కాదు. ఏ పాపమో చెప్పకుండా అడుగుతున్నారు కాబట్టి, ఏది విడిచిపెట్టాలో వాళ్లకే తేలడం లేదు. సామెతలు 28:13 కనికరాన్ని వాగ్దానం చేసింది "ఒప్పుకొని విడిచిపెట్టువాడు" అన్నవాడికి. ఆ రెండు పనులూ కలిసే జరగాలి.

ముందు ఒక నోటు పుస్తకం తీసుకుని అరగంట ఒంటరిగా కూర్చోండి. 51వ కీర్తన నెమ్మదిగా చదవండి. తర్వాత నిర్గమ 20లోని పది ఆజ్ఞలు, ఎఫెసీ 4:25-32 చదువుతూ, మనసును గుచ్చినచోట ఆగి రాయండి. "కోపం" అని రాస్తే చాలదు. ఎవరి మీద, ఏ మాట అన్నారు, ఎవరి ముందు అన్నారు అన్నదంతా రాయాలి. "వాడు రెచ్చగొట్టాడు", "అందరూ చేసేదే" అన్న మాటలు కాగితం మీదికి వస్తే కొట్టేయండి. అవి వాదనలు, ఒప్పుకోలు కాదు.

రాసినవాటిని ఒక్కొక్కటిగా దేవునికి చదివి వినిపించండి. పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని 1 యోహాను 1:9 చెబుతోంది. ఆ తర్వాత అది చదివి, క్షమాపణ దొరికిందని నమ్మండి. ఏడుపు రాలేదని అనుమానపడొద్దు. ఆ వచనం కన్నీళ్ల కొలత అడగలేదు. అదే అధ్యాయం 7వ వచనంలో, వెలుగులో నడిచేవాళ్లనే యేసు రక్తం పవిత్రులుగా చేస్తుందని ఉంది. అంటే వెలుగులో ఉన్నవాడికీ కడగబడాల్సింది ఉంటుంది. దాన్ని అతను దాచుకోడు.

ఎక్కువమంది ఆగిపోయేది తర్వాతి మెట్టు దగ్గర: తీసుకున్నది తిరిగి ఇవ్వడం. లేవీయ 6:5 ప్రకారం అసలు సొమ్ముకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి. ధాన్యం కొనేటప్పుడు తరుగు పేరుతో బస్తాకి కిలో అన్యాయంగా ఎక్కువ లాగారనుకోండి. వంద బస్తాలకు వంద కిలోలు, అయిదో వంతు ఇరవై కలిపితే 120 కిలోల ధర ఆ రైతుకు చేరాలి. రొయ్యల కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) తప్పు చెప్పి ధర తగ్గించినా, కూలి ఎగ్గొట్టినా లెక్క ఇదే. మనిషి చనిపోయి ఉంటే వారసులకివ్వండి. వారసులూ లేకపోతే అది దేవునికి చెందుతుందని సంఖ్యా 5:8 చెబుతోంది. ఒకేసారి ఇవ్వలేకపోతే, ఆ ఇంటికి వెళ్లి నెలకింత అని ఒప్పుకుని రాయించుకోండి. ఈ డబ్బుతో క్షమాపణ కొనడం లేదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నది యేసు తన ఇంట్లో అడుగుపెట్టాకే.

రెండు చోట్ల జాగ్రత్త కావాలి. అక్రమ సంబంధమైతే "క్షమించమని అడగాలి" అంటూ ఆ మనిషి దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. అక్కడే మళ్లీ మొదలవుతుంది. ఇక కొట్టే భర్త పశ్చాత్తాపపడ్డానన్నాడని భార్యను ఆ వెంటనే కాపురానికి పంపడం సంఘ పెద్దలు చేయకూడని పని. మారుమనస్సుకు ఫలం కనిపించాలి, దానికి కాలం పడుతుంది.

అలవాటును కోయడం ఇంకో పని. కాలువలో గుర్రపు డెక్కను పైపైన నరికి వదిలేస్తే మళ్లీ కమ్ముకున్నట్టే, పాపానికి తోవ మిగిలితే అదీ తిరిగొస్తుంది. కోడిపందేల్లో డబ్బు కాసే అలవాటుంటే భోగి నాటికి ఆలోచిస్తే ఆలస్యమే. డిసెంబరులోనే చేతిలో డబ్బు ఇంట్లోవాళ్లకు అప్పగించి, ఆ మూడు రోజులూ ఎక్కడుంటారో తేల్చుకోండి. బరి దగ్గరికి "చూసొస్తాను" అని కూడా వెళ్లొద్దు. ఫోన్లో బెట్టింగు, అశ్లీల వీడియోలు అయితే రాత్రి ఫోను హాల్లోనే ఛార్జింగు పెట్టండి. తాగుడు మాత్రం వేరే సంగతి: రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. 14446కు ఫోన్ చేస్తే సలహా ఇస్తారు. మందులు వాడితే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

యాకోబు 5:16 ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమంటుంది. మగవాళ్లు నోరు జారని ఒక అన్నను, ఆడవాళ్లు ఒక అక్కను ఎంచుకుని వారానికోసారి కలవండి. "ఎలా ఉన్నావ్?" అని కాకుండా "ఈ వారం ఎన్నిసార్లు?" అని అడగనివ్వండి. సాక్ష్యం పేరుతో వివరాలన్నీ మైకులో చెప్పొద్దు; దెబ్బతిన్నవాళ్లు కూడా ఆ ఊళ్లోనే ఉంటారు.

వదిలిన చోటు ఖాళీగా ఉండకూడదు. ఊడ్చి అమర్చిన ఖాళీ ఇంట్లోకి అపవిత్రాత్మ మరి ఏడింటిని తెచ్చుకుందని మత్తయి 12:43-45లో యేసే చెప్పాడు. ఏ గంటకు తాగేవారో, ఏ గంటకు ఫోను పట్టేవారో సరిగ్గా ఆ గంటకే కుటుంబ ప్రార్థన పెట్టుకోండి.

మళ్లీ పడితే? అదే రోజు ఆ అన్నకు చెప్పండి, మనం పాపం చేసినా మన పక్షాన యేసు ఉన్నాడని చెప్పే 1 యోహాను 2:1 చదవండి. పడినవాళ్లలో చాలామంది సిగ్గుతో ఆరాధన మానేస్తారు, ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచరణకు) దూరంగా కూర్చుంటారు. కానీ తిరిగి రావడానికి తోవ సంఘంలోనే ఉంది. 1836 తర్వాత నర్సాపురం ప్రాంతంలో వేళ్లూనిన బ్రదరెన్ సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. లూథరన్ ఆరాధనలో ఒప్పుకోలు ప్రార్థన ఉంటుంది. సంఘ క్రమశిక్షణ కింద పెద్దలు ఆగమంటే ఆగండి. వాళ్లు ఆపకపోతే, 1 కొరింథీ 11:28 చెప్పేది పరీక్షించుకుని రొట్టె తినమని. శనివారం రాత్రి ఆ నోటు పుస్తకం తెరిచి, ఒప్పుకుని, ఆదివారం సంఘానికి వెళ్లండి.