సైన్స్ చరిత్ర, తత్వశాస్త్రం సొంతంగా – 3వ పాఠం: ఆ మాట అసలు ఎవరిది?

కిందటి పాఠంలో స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ అనే ఉచిత ఆన్‌లైన్ తత్వశాస్త్ర విజ్ఞానకోశంలో ఒక వ్యాసాన్ని ఎలా చదవాలో చూశాం. మొదట ప్రచురించిన తేదీ, చివరిసారి సవరించిన తేదీ, అడుగున ఉండే పుస్తకాల పట్టిక గుర్తున్నాయి కదా. ఇవాళ చదవడం తక్కువ, వెతకడం ఎక్కువ. ఒక మాటను పట్టుకుని అది పుట్టిన చోటు దాకా వెళ్దాం. ఫోన్ కంటే కంప్యూటర్ నయం. రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని చూడాల్సి వస్తుంది.

మాట ఇది: 'సర్వైవల్ ఆఫ్ ద ఫిటెస్ట్', అంటే పరిసరాలకు బాగా తగినవే బతికి నిలవడం. ఎవరన్నారు అంటే ఎవరైనా తడుముకోకుండా డార్విన్ అంటారు. ఎక్కడన్నాడు అంటే 1859లో వచ్చిన 'ఆన్ ది ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్'లో అంటారు. సరే, చూద్దాం.

డార్విన్ ఆన్‌లైన్ అనే సైట్ తెరవండి. డార్విన్ అచ్చు వేయించిన రచనలన్నిటినీ ఒకచోట చేర్చిన ఉచిత భాండాగారం అది. ఆయన బతికుండగా ఈ పుస్తకానికి ఇంగ్లండ్‌లో ఆరు కూర్పులు వచ్చాయి: 1859, 1860, 1861, 1866, 1869, 1872. ఆరూ ఇక్కడున్నాయి. పేజీల ఫోటోలు ఉన్నాయి, టైపు చేసిన పాఠమూ ఉంది. 1859 కూర్పు టైపు పాఠం తెరిచి, కంట్రోల్ ఎఫ్ నొక్కి మన మాట కొట్టండి. దొరకదు. స్పెల్లింగ్ తప్పిందేమోనని మళ్లీ కొడతారు. మళ్లీ దొరకదు. ఇప్పుడు 1869 నాటి అయిదో కూర్పు తెరవండి. వెతకాల్సిన పని కూడా లేదు, నాలుగో అధ్యాయం శీర్షికలోనే కనిపిస్తుంది. 1859లో ఆ శీర్షిక 'ప్రకృతి వరణం' (నేచురల్ సెలెక్షన్, అంటే పరిసరాలకు తగిన జీవులు నిలిచి సంతతిని పెంచుకోవడం), అంతే. పదేళ్ల తర్వాత దానికి 'లేదా సర్వైవల్ ఆఫ్ ద ఫిటెస్ట్' అని తోక చేరింది.

అదే సైట్‌లో ఆరు కూర్పుల్లో ఏ వాక్యం ఎలా మారిందో చూపించే పాఠాంతరాల కూర్పు కూడా ఉంది. ఓపికున్నప్పుడు పుస్తకం చివరి వాక్యం దగ్గరికి వెళ్లి చూడండి. ప్రాణాన్ని తొలి జీవుల్లోకి ఊదడం గురించిన ఆ వాక్యంలో 'సృష్టికర్త చేత' అనే మాట 1859లో లేదు, 1860లో వచ్చి చేరింది. డార్విన్‌కు దేవుడి మీద నమ్మకం ఉందా లేదా అని వాదించుకునేవాళ్లు తమకు నచ్చిన కూర్పును చేతిలో పట్టుకుని వాదిస్తుంటారు.

నా సంగతీ చెప్పాలి. చాలాకాలం కిందట ఉచితంగా దొరికిన ఒక కాపీ దించుకుని, అది ఏ కూర్పో చూడకుండా, '1859లో డార్విన్ ఇలా అన్నాడు' అని ఒక వ్యాసంలో రాసేశాను. తీరా చూస్తే అది ఆరో కూర్పు. చదివిన ఒకాయన మర్యాదగానే ఎత్తిచూపారు కానీ సిగ్గు మాత్రం తక్కువేమీ కాలేదు. అప్పట్నుంచీ ఒక చిట్కా పెట్టుకున్నాను: అధ్యాయాలు లెక్కపెట్టడం. తొలి కూర్పులో 14, ఆరో కూర్పులో 15. అభ్యంతరాలకు జవాబులిస్తూ ఒక అధ్యాయం మధ్యలో చేరింది. ముఖపత్రం లేని కాపీ దొరికినా పది సెకన్లలో తేలిపోతుంది.

మరి మాట ఎవరిది? డార్విన్ కాలపు ఇంగ్లిష్ తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్‌ది. 1864లో వచ్చిన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ బయాలజీ' మొదటి సంపుటం, 165వ విభాగం. పేజీ నంబరు కాకుండా విభాగం నంబరు ఎందుకిచ్చానంటే, కూర్పు మారితే పేజీలు అటూఇటూ అవుతాయి, విభాగాలు అంత తేలిగ్గా కదలవు. పుస్తకం స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది. అక్కడ కాస్త జాగ్రత్త. కేటలాగ్‌లో రాసిన సంవత్సరాన్ని నమ్మొద్దు, ముఖపత్రం ఫోటో తెరిచి మీ కళ్లతో చూడండి. ఇంకోటి, స్కాన్లలో వెతికేటప్పుడు మీరు వెతికేది యంత్రం చదివిన పాఠంలో. యంత్రం తప్పు చదివితే ఉన్న మాట కూడా లేదనే వస్తుంది. 17, 18వ శతాబ్దాల ఇంగ్లిష్ పుస్తకాల్లో ఈ బాధ మరీ ఎక్కువ. అప్పటి అచ్చులో 'ఎస్' అక్షరం చాలాచోట్ల 'ఎఫ్' లాగా పొడుగ్గా ఉంటుంది, 'సచ్' కాస్తా 'ఫచ్' అయి కూర్చుంటుంది. మనిషి సరిచూసిన పాఠంలో 'దొరకలేదు' అంటే అది ఆధారం. స్కాన్‌లో 'దొరకలేదు' అంటే ఇంకా వెతకమని అర్థం.

స్పెన్సర్ మాట డార్విన్ పుస్తకంలోకి ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు పుస్తకాలు చాలవు, ఉత్తరాలు కావాలి. డార్విన్ కరస్పాండెన్స్ ప్రాజెక్ట్ సైట్‌లో 1866 జులై ఉత్తరాలకు వెళ్లండి. 2వ తేదీన, ప్రకృతి వరణం ఆలోచనకు తానూ విడిగా చేరుకున్న ప్రకృతి శాస్త్రవేత్త వాలేస్, డార్విన్‌కు రాస్తాడు: 'ప్రకృతి వరణం' అంటే ప్రకృతి ఎవరో మనిషిలా కూర్చుని ఏరుకుంటోందని జనం అనుకుంటున్నారు, స్పెన్సర్ మాట వాడితే ఆ గొడవ ఉండదు అని. మూడు రోజులకే డార్విన్ జవాబు. మాట బాగుందని ఒప్పుకుంటాడు. ఈ ఉత్తరం రెండు నెలల ముందు వచ్చి ఉంటే కొత్త కూర్పులో వాడేవాడిని, ఇప్పుడు అచ్చు దాదాపు అయిపోయింది అంటాడు. దాంతోపాటు ఒక వ్యాకరణ అభ్యంతరం కూడా పెడతాడు: ఈ మాటను కర్తగా పెట్టి వాక్యం నడపడం కుదరదట! నాకు ఈ జవాబు ఎన్నిసార్లు చదివినా విసుగు రాదు. పాఠ్యపుస్తకాల్లో రాతివిగ్రహంలా ఉండే మనిషి, ఇక్కడ ఒక పదం కుదరక తంటాలు పడుతూ కనిపిస్తాడు.

ఇంతవరకూ చరిత్ర. తత్వశాస్త్రం ఇక్కణ్నుంచే మొదలవుతుంది. ఫిట్ అంటే ఎవరు? బతికి బట్టకట్టినవాళ్లు. బతికి బట్టకట్టేది ఎవరు? ఫిట్‌గా ఉన్నవాళ్లు. మరి చెప్పిందే చెప్పడం తప్ప ఇందులో ఏముంది? సైన్స్ తత్వవేత్త కార్ల్ పాపర్ అంతటివాడు ప్రకృతి వరణ సిద్ధాంతాన్ని పరీక్షకు నిలిచే సైన్స్ కాదని కొంతకాలం అని, 1978లో ఆ అభిప్రాయం మార్చుకున్నాడు. 1979లో సుసాన్ మిల్స్, జాన్ బీటీ అనే ఇద్దరు తత్వవేత్తలు ఒక దారి చూపించారు: ఫిట్‌నెస్ అంటే జరిగిన ఫలితం కాదు, జరగడానికి ఉన్న మొగ్గు. అచ్చంగా ఒకేలా ఉన్న కవలల్లో ఒకరి మీద పిడుగు పడింది, రెండోవారికి పిల్లలు పుట్టారు. అంతమాత్రాన రెండోవారు ఎక్కువ ఫిట్ అంటామా? అనం. ఈ వాదం మొత్తం మళ్లీ మన స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియాలో ఉంది, 'ఫిట్‌నెస్' అన్న పేరుతో వెతకండి. కిందటి పాఠంలోలాగే ముందు తేదీలు చూసుకుని మొదలుపెట్టండి.

ఇంటిపని. న్యూటన్, ఆపిల్ కథ. న్యూటన్ ప్రాజెక్ట్ అనే సైట్‌లో న్యూటన్ స్నేహితుడు విలియం స్టూక్లీ రాసిన న్యూటన్ జీవిత స్మృతుల రాతప్రతి ఉంది. 1752 నాటిది. అందులో ఆపిల్ చెట్ల కింద కూర్చుని మాట్లాడుకున్న ఘట్టం పట్టుకోండి. నోటుబుక్కులో మూడు తేదీలు పక్కపక్కన రాయండి: ఆపిల్ పడినట్టు చెప్పే కాలం, న్యూటన్ ఆ సంగతి స్టూక్లీకి చెప్పిన రోజు, స్టూక్లీ దాన్ని కాగితం మీద పెట్టిన సంవత్సరం. మధ్యలో ఎన్నేళ్లు గడిచాయో లెక్క వేయండి. చెప్పేనాటికి న్యూటన్ వయసెంతో కూడా రాయండి. తల మీద పడిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. నాలుగో పాఠం మీ మూడు తేదీల దగ్గర మొదలుపెడదాం.